మాట లేని చోట తెలుగు: మాండలిన్ శ్రీనివాస్ ధ్వనిముద్రణ జీవితం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వాద్యసంగీత ధ్వనిముద్రణలు తెలుగు పరిశోధనకు ఆధారాలు కాగలవా అన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. పాలకొల్లులో జన్మించి కర్ణాటక సంగీతంలో విద్యుత్ మాండలిన్‌కు స్థానం కల్పించిన యు. శ్రీనివాస్ (1969–2014) ధ్వనిముద్రణ జీవితం ఇందుకు ప్రధాన విషయం. ధ్వనిముద్రణలను చరిత్రకు ఆధారాలుగా క్రమబద్ధంగా వాడుకున్న జాజ్ సంగీత అధ్యయనం నుంచి హార్డ్ బాప్ పియానో వాద్యకారుడు, బృందనాయకుడు హొరేస్ సిల్వర్ (1928–2014) ఉదాహరణను పోలికకు తీసుకున్నాను. శ్రీనివాస్ వాద్యంలో కృతి సాహిత్యం నుంచి ఏది మిగిలింది, ఏది జారిపోయింది, ఆ మిగిలినదాన్ని పరిశోధకులు ఎలా నమోదు చేయాలి అన్నవి ఇందులోని ముఖ్యాంశాలు.

కీలకపదాలు: ధ్వనిముద్రణ, మాండలిన్, గమకం, కృతి సాహిత్యం, హార్డ్ బాప్, జాజ్, బృందనాయకత్వం, బెలుం గుహలు.

1. ఉపోద్ఘాతం

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహల్లో సప్తస్వరాల గుహ అనే భాగం ఉంది. 2006లో దాన్ని సందర్శకులకు తెరిచారు. అక్కడి సున్నపురాతి ఊడలను కర్రతోనో, వేలి కణుపులతోనో తడితే లోహాన్ని తట్టినట్టు మోగుతాయి. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల ఎం.ఏ. తెలుగు విద్యార్థులతో కలిసి వెళ్ళినప్పుడు, దారి చూపినవారు ఒక్కొక్క ఊడనూ తట్టి వినిపించారు. విద్యార్థులు ఫోన్లలో ఆ ధ్వనులను ముద్రించుకున్నారు. తిరుగు ప్రయాణంలో బస్సులో వాటిని పెట్టి విన్నాం. తట్టిన చప్పుడు వినిపించింది. దాని చుట్టూ లోపల మేము విన్న మోత మాత్రం అందులో లేదు.

ఆ ప్రయాణానికి కొంతకాలం ముందు ఒక విద్యార్థి వాద్యసంగీత ధ్వనిముద్రణలపై పరిశోధన చేయాలని ప్రతిపాదించాడు. దాన్ని పరిశీలించిన సమావేశంలో ఒకే ఒక ప్రశ్న వచ్చింది: “ఇందులో తెలుగు ఎక్కడుంది?” పాడిన పాటైతే సాహిత్యం ఉంటుంది, పాఠభేదాలు ఉంటాయి, మాటే లేని వాద్యంలో తెలుగు శాఖకు పని ఏమిటన్నది వారి సందేహం. విద్యార్థి జవాబు చెప్పలేకపోయాడు. పక్కన ఉన్న నేనూ చెప్పలేకపోయాను. అతడు అంశం మార్చుకున్నాడు. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. దానికి జవాబు సిద్ధంగా లేకపోవడమే మా లోపం. ఈ వ్యాసం ఆ జవాబుకోసం చేసిన ప్రయత్నం.

ఇందుకు మాండలిన్ శ్రీనివాస్‌ను ఎంచుకోవడానికి మూడు కారణాలున్నాయి. ఒకటి, ఆయన తెలుగునేలపై పుట్టి, త్యాగరాజ కృతుల సంప్రదాయంలో శిక్షణ పొందిన వాద్యకారుడు. రెండు, ఎల్‌.పి. రికార్డు, క్యాసెట్, సీడీ అనే మూడు మాధ్యమాల కాలం ఆయన ఒక్క జీవితంలోనే ఇమిడింది. మూడు, ఆయన ధ్వనిముద్రణలు కర్ణాటక కచేరీకీ జాజ్ ప్రపంచానికీ నడుమ సాగాయి. అందువల్ల రెండు సంప్రదాయాల నమోదు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూసే వీలు కలుగుతుంది.

2. స్థిరస్వర వాద్యం – గమకం

కర్ణాటక సంగీతంలో స్వరం నిలకడగా ఉండే బిందువు కాదు. తోడి రాగంలోని గాంధారం ఊగుతూనే తన స్వరూపాన్ని పొందుతుంది. పియానో మీట నొక్కితే ఒకే స్థాయి పలుకుతుంది. ఆ మీటకూ పక్క మీటకూ మధ్య ఏమీ లేదు. మెట్లు లేని వయొలిన్ 19వ శతాబ్ది ఆరంభంలోనే బాలుస్వామి దీక్షితుల వంటివారి చేతుల్లో కర్ణాటక సంగీతంలో ఇమిడిపోగా, మీటల వాద్యాలకు ఆ ఆదరణ దక్కకపోవడానికి ఇదే ప్రధాన కారణం. తెలుగు పద్యనాటక రంగానికి హార్మోనియం ప్రాణవాద్యమైనా శాస్త్రీయ సంగీతం దాన్ని అనుమానంగానే చూసింది. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి, 1971లో గాని ఆ నిషేధాన్ని సడలించలేదు. కాబట్టి జాజ్‌లోని పియానో బృందనాయకుడికి సాటివచ్చే వ్యక్తిని మన సంగీతంలో వెతికేటప్పుడు పియానో వద్దే వెతకడం పొరపాటవుతుంది. స్థిరస్వర వాద్యాన్ని చేపట్టి, దాని పరిమితిని దాటి, బృందాన్ని నడిపిన వ్యక్తి ఎవరని అడగాలి.

మాండలిన్ అటువంటి వాద్యమే. దానికి మెట్లున్నాయి, జంటలుగా అమర్చిన నాలుగు జతల తీగలున్నాయి. జంటతీగలను ఒకేసారి పక్కకు లాగి గమకం పలికించడం కష్టం. మీటిన నాదం త్వరగా ఆరిపోతుంది కాబట్టి, సంప్రదాయ మాండలిన్‌లో ఒకే స్వరాన్ని నిలపాలంటే తీగను మాటిమాటికీ మీటాలి. హిందీ చలనచిత్రాల్లో సజ్జాద్ హుస్సేన్ వంటివారు ఈ వాద్యంపై గొప్ప ప్రావీణ్యం చూపినా, కర్ణాటక కచేరీలో ప్రధాన వాద్యంగా దానికి స్థానం ఏర్పడలేదు.

శ్రీనివాస్ చేసిన మార్పు చూడటానికి చిన్నది, ఫలితంలో పెద్దది. ఆయన విద్యుత్ మాండలిన్‌ను తీసుకుని జంటతీగల స్థానంలో ఒంటితీగలను వాడారు. మంద్రస్థాయి కోసం ఐదవ తీగను చేర్చారు. ఒంటితీగ కావడంతో వేలితో లాగినప్పుడు స్వరం వంగింది. విద్యుత్ విస్తరణ వల్ల ఒకసారి మీటిన నాదం ఎక్కువసేపు నిలిచింది. ఆ నిలిచిన నాదంలోనే జారు, కంపితం వంటి గమకాలకు చోటు దొరికింది. తర్వాతి విభాగాల్లో చెప్పబోయే సాహిత్య విషయానికి ఈ సాంకేతిక మార్పే పునాది.

3. పోలికకు ఒక నమూనా: హొరేస్ సిల్వర్

జాజ్ చరిత్ర చాలావరకు ధ్వనిముద్రణల చరిత్ర. అందులో వాద్యకారుడు అప్పటికప్పుడు అల్లిన సంగీతానికి స్వరలిపి ఉండదు; రికార్డే మూలప్రతి. అందువల్ల ఏ రోజు, ఏ స్టూడియోలో, ఎవరెవరు కలిసి, ఏ వరుసలో వాయించారో నమోదు చేయడం అక్కడ ప్రత్యేక శాస్త్రంగా ఎదిగింది. తెలుగువారికి తాళపత్ర ప్రతుల వివరణ పట్టికలు ఎలాంటివో, జాజ్ పరిశోధకులకు ధ్వనిముద్రణల పట్టికలు అలాంటివి.

1950ల మధ్యలో రూపుదిద్దుకున్న హార్డ్ బాప్ శైలి దీనికి మంచి ఉదాహరణ. దానికి ముందున్న బీబాప్ వేగంలోనూ స్వరసంక్లిష్టతలోనూ శ్రోతకు కొంత దూరమైంది. హార్డ్ బాప్ వాద్యకారులు ఆ నైపుణ్యాన్ని వదలకుండానే, నల్లజాతివారి చర్చి గానాన్నీ బ్లూస్‌నూ మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నారు. ఈ శైలికి రూపమిచ్చినవారిలో ముఖ్యుడు హొరేస్ సిల్వర్. ఆయన 1928 సెప్టెంబరు 2న అమెరికాలోని నార్వాక్‌లో జన్మించాడు. తండ్రి కేప్ వెర్డ్ దీవుల నుంచి వలస వచ్చినవాడు. 1950లో శాక్సఫోన్ వాద్యకారుడు స్టాన్ గెట్జ్ బృందంతో ఆయన తొలి ధ్వనిముద్రణలు జరిగాయి. 1952 అక్టోబరులో బ్లూ నోట్ సంస్థకు సొంతపేరుతో ముద్రణ ఆరంభించి, పాతికేళ్లకు పైగా ఆ ఒక్క సంస్థతోనే కొనసాగాడు.

1954 నవంబరులోనూ 1955 ఫిబ్రవరిలోనూ డ్రమ్ముల వాద్యకారుడు ఆర్ట్ బ్లేకీ, ట్రంపెట్‌పై కెన్నీ డోర్హమ్, శాక్సఫోన్‌పై హ్యాంక్ మోబ్లీ, బాస్‌పై డగ్ వాట్కిన్స్‌లతో జరిగిన ముద్రణలు హార్డ్ బాప్‌కు ఆదిగ్రంథాల వంటివి. వాటిని ముద్రించినది రూడీ వాన్ గెల్డర్ తన తల్లిదండ్రుల ఇంట్లో ఏర్పాటు చేసుకున్న స్టూడియోలో. బ్లూ నోట్ నిర్వాహకుడు ఆల్ఫ్రెడ్ లయన్ ముద్రణకు ముందు సాధనరోజులకు కూడా వాద్యకారులకు పారితోషికం ఇచ్చేవాడు. సిల్వర్ రికార్డుల్లో ట్రంపెట్, శాక్సఫోన్ కలిసి పలికే భాగాలు అంత బిగువుగా ఉండటానికి ఈ ఏర్పాటు ఒక కారణం. 1959 తర్వాత కొన్నేళ్లపాటు బ్లూ మిచెల్, జూనియర్ కుక్, జీన్ టేలర్‌లతో ఆయన ఐదుగురి బృందం నిలకడగా సాగింది. 1963, 1964 సంవత్సరాల ముద్రణలతో కూడిన ‘సాంగ్ ఫర్ మై ఫాదర్’ ఆయనకు అత్యంత ప్రాచుర్యం తెచ్చింది. ఆ రికార్డు అట్టపై ఉన్నది ఆయన తండ్రి ఛాయాచిత్రం.

మన చర్చకు సిల్వర్ రెండు విధాల ఉపయోగపడతాడు. మొదటిది వాద్యసమస్య. బ్లూస్‌లో కూడా స్వరం వంగుతుంది. పియానో మీట వంగదు. పక్కపక్క మీటలను దాదాపు ఒకేసారి తాకి, ఒకదానినుంచి మరొకదానిలోకి జారినట్టు భ్రమ కలిగించడం బ్లూస్ పియానోలో స్థిరపడిన ఉపాయం. సిల్వర్ దాన్ని విరివిగా వాడుకున్నాడు. స్థిరస్వర వాద్యంపై వంగే స్వరాన్ని సాధించడమనే సమస్య ఇద్దరికీ సమానం. సిల్వర్ వాద్యాన్ని మార్చకుండా వేళ్ల కదలికతో దాటగా, శ్రీనివాస్ వాద్యాన్నే మార్చి దాటారు.

రెండవది మాటకూ బాణీకీ ఉన్న సంబంధం. సిల్వర్ రచనల్లో సాధారణంగా బాణీ ముందు, మాట తర్వాత. 1956లో వాద్యరచనగా ముద్రించిన ‘సెన్యోర్ బ్లూస్’ 1958లో బిల్ హెండర్సన్ గాత్రంతో పాటగా వచ్చింది. శ్రీనివాస్ విషయంలో వరుస తలకిందులవుతుంది. ఆయన వాయించిన కృతి ముందే సాహిత్యంతో ఉంది. వాద్యంలో ఆ సాహిత్యం వినబడకుండా పోతుంది. మాట చేరడం ఒకచోట, మాట తొలగడం మరొకచోట.

4. పాలకొల్లు: గాత్రం ద్వారా వాద్యం

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఇంట్లో ఉన్న తండ్రి మాండలిన్‌ను ఆరేళ్ల వయసులో చేతిలోకి తీసుకున్న ఆ బాలుడిని, తండ్రి తన గురువైన రుద్రరాజు సుబ్బరాజుకు అప్పగించారు. సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విన్నదాన్ని తీగపై పలికించేవాడు.

ఈ విషయాన్ని జీవితచరిత్రలోని ముచ్చటగా చెప్పి వదిలేయడం పరిపాటి. పద్ధతి దృష్ట్యా ఇది చాలా ముఖ్యమైనది. వాద్యం తెలిసిన గురువు దగ్గర నేర్చుకునేవాడు గురువు వేళ్లను చూసి నేర్చుకుంటాడు. శ్రీనివాస్‌కు చూడటానికి వేళ్లు లేవు. వినడానికి పాట ఉంది. ఆయనకు అందిన ప్రతి కృతీ మాటతోనే, గాయకుడి ఊపిరితో, విరామాలతో అందింది. మాండలిన్‌పై కర్ణాటక సంగీతానికి ముందుతరం నమూనా లేకపోవడం లోపంగా కాక, గాత్రాన్ని నేరుగా అనుసరించే అవకాశంగా మారింది. దీనికి తోడు గిటారు వాద్యకారుడు వాసూరావు ద్వారా ఆయనకు బాల్యంలోనే పాశ్చాత్య సంగీత పరిచయం కలిగింది.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ జరిగింది. అప్పటికి ఆయన వయసు తొమ్మిదేళ్లు. 1981 డిసెంబరు సంగీతోత్సవాల్లో మద్రాసులోని ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై వాయించారు. గుడివాడ నుంచి మద్రాసు మూడేళ్ల దూరం. బాలమేధావిగా వచ్చిన ఆ కీర్తి వల్ల ధ్వనిముద్రణ సంస్థల దృష్టి ఆయనపై పడింది.

5. కచేరీకి తగిన మాధ్యమం

ధ్వనిముద్రణ మాధ్యమానికి ఉన్న కాలపరిమితి సంగీతరూపాన్ని నిర్దేశిస్తుంది. భారతదేశంలో 1902లో ఆరంభమైన గ్రామఫోన్ ముద్రణల్లో ఒక్కొక్క వైపు మూడు నాలుగు నిమిషాలకు మించి పట్టేది కాదు. అందులో కృతి వాయిస్తే ఆలాపనకు చోటుండదు, సంగతులు కుదించాలి, కల్పనస్వరాల సంగతి చెప్పనక్కరలేదు. 1948లో వచ్చిన ఎల్‌.పి. రికార్డు ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా చోటిచ్చింది. హార్డ్ బాప్ వాద్యకారులు సుదీర్ఘమైన మనోధర్మ భాగాలను ముద్రించగలిగింది ఆ మాధ్యమం వల్లనే. మన దేశంలో 1980లలో ఇంటింటికీ చేరిన క్యాసెట్ ఒక్కో వైపు అరగంట నుంచి ముప్పావుగంట వరకు ఇచ్చింది. రాగాలాపన, కృతి, నెరవు, కల్పనస్వరం, తనియావర్తనం అన్నీ ఒకే వైపు ఇమిడే వీలు కలిగింది.

శ్రీనివాస్ తొలిదశ ముద్రణలు ఎల్‌.పి.లుగా, క్యాసెట్లుగా వెలువడినది ఈ సమయంలోనే. అంతకుముందు తరపు వాద్యకారులకు దొరకని అవకాశం ఆయనకు పద్నాలుగు పదిహేనేళ్ల వయసులోనే దొరికింది. పెళ్లిళ్లలోనూ దేవాలయాల్లోనూ బస్సుల్లోనూ ఆ క్యాసెట్లు మోగాయి. కోస్తా, రాయలసీమ పట్టణాల్లో కర్ణాటక సంగీత సభలకు ఎన్నడూ వెళ్లనివారు కూడా ఆయన మాండలిన్ ద్వారా త్యాగరాజ కృతులను విన్నారు.

ఈ ముద్రణల్లో ఆయన బృందనాయకుడు. వయొలిన్, మృదంగం, ఘటం లేదా కంజీర ఆయనను అనుసరిస్తాయి. దీన్ని హార్డ్ బాప్ బృందంతో పోల్చవచ్చు. అక్కడ బృందమంతా కలిసి మూలబాణీని పలికి, తర్వాత ఒక్కొక్కరూ తమ మనోధర్మాన్ని చూపి, చివరికి మళ్ళీ మూలబాణీకి చేరతారు. ఇక్కడ కృతి, కల్పనస్వరాలు, తనియావర్తనం, మళ్ళీ పల్లవి. భేదం కూడా గమనించదగినదే. సిల్వర్ పియానో ఇతరుల మనోధర్మానికి వెనుకనుంచి తోడు నిలుస్తుంది, కొన్నిచోట్ల వారిని రెచ్చగొడుతుంది. కచేరీలో ప్రధాన వాద్యకారుడు తనియావర్తన సమయంలో మౌనం వహించి తాళం వేస్తాడు. సిల్వర్ నాయకత్వం వాద్యంలో నిరంతరం వినిపిస్తే, శ్రీనివాస్ నాయకత్వం ఆ మౌనంలో కూడా కొనసాగుతుంది. రికార్డులో మౌనం వినిపించదు కాబట్టి శ్రోతకు ఈ నాయకత్వం సగమే అందుతుంది.

6. బెర్లిన్ నుంచి రియల్ వరల్డ్ వరకు

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో శ్రీనివాస్ వాయించారు. అక్కడి శ్రోతలు జాజ్ శ్రోతలు. వారికి త్యాగరాజు తెలియడు, తెలుగు తెలియదు. అయినా కచేరీ సంచలనం కలిగించింది. అప్పటికప్పుడు అల్లే సంగీతాన్ని వినడంలో చెవి పదునెక్కినవారికి కల్పనస్వరాల తర్కం భాషతో పనిలేకుండా అందింది. కృతిలోని మాట వారికి అందలేదు. అందలేదని తెలిసే అవకాశం కూడా వారికి లేదు. మన పరిశోధన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఒకే వాద్యం రెండు రకాల శ్రోతలకు రెండు వేర్వేరు విషయాలను వినిపిస్తున్నది.

1990లలో ఈ రెండు ధోరణులు ఒకే సంస్థ ప్రచురణల్లో పక్కపక్కన కనిపిస్తాయి. పీటర్ గాబ్రియేల్ 1989లో ఇంగ్లండులో ఆరంభించిన రియల్ వరల్డ్ సంస్థ 1994లో ‘రామ శ్రీరామ’ పేరుతో శ్రీనివాస్ కర్ణాటక సంగీత సీడీని వెలువరించింది. మరుసటి ఏడాదే కెనడాకు చెందిన గిటారు వాద్యకారుడు, నిర్మాత మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’ను ప్రచురించింది. మొదటిదాని పేరు తెలుగు శ్రోతకు భక్తిసాహిత్యాన్ని గుర్తుచేస్తుంది. రెండవదానిలో కృతి చట్రమే లేదు; మాండలిన్ పలికిన స్వరాల చుట్టూ స్టూడియోలో ధ్వనిపొరలు చేరాయి. కచేరీ ముద్రణలో నిర్మాత చేయగలిగేది తక్కువ. ఇక్కడ నిర్మాత కూడా ఒక వాద్యకారుడే. నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీతో ‘మస్త్ మస్త్’లో బ్రూక్ చేసిన పని కూడా ఈ తరహాదే.

‘డ్రీమ్’ వంటి ముద్రణలను సంప్రదాయ భంగమని తోసిపుచ్చడం గాని, ప్రపంచీకరణ విజయమని పొగడటం గాని పరిశోధకుడికి ఉపయోగపడదు. ఒకే వాద్యకారుడు కృతి ఉన్న చోట, కృతి లేని చోట ఎలా మీటాడో పోల్చి చూడటానికి అవి పక్కపక్కనే దొరికిన సాక్ష్యాలు.

7. నాయకుడు, సభ్యుడు: ‘రిమెంబర్ శక్తి’

జాజ్‌తో శ్రీనివాస్ సంబంధంలో ముఖ్యఘట్టం ‘రిమెంబర్ శక్తి’ బృందం. 1970లలో గిటారు వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్, వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్, ఘటం విద్వాంసుడు టి.హెచ్. వినాయక్‌రామ్ కలిసి నడిపిన ‘శక్తి’ బృందానికి ఇది కొనసాగింపు. అందులో మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌ల సరసన శ్రీనివాస్, వినాయక్‌రామ్ కుమారుడు వి. సెల్వగణేశ్ చేరారు. 1999 నాటి కచేరీల ముద్రణ ‘ది బిలీవర్’ 2000లో వెలువడింది. 2000 డిసెంబరులో బొంబాయిలో జరిగిన కచేరీల ముద్రణ ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’ 2001లో వచ్చింది.

ఇక్కడ వాద్యకారుల పరంపర ఒకటి గమనించదగినది. 1954 ఏప్రిల్‌లో మైల్స్ డేవిస్ ‘వాకిన్’ ముద్రణలో పియానో వాయించినది హొరేస్ సిల్వర్. 1969లో ఆ మైల్స్ డేవిస్ ముద్రణల్లోనే మెక్‌లాఫ్లిన్ గిటారు వాయించాడు. ఆ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్నవారు శ్రీనివాస్. హార్డ్ బాప్ ఆరంభదశకూ పాలకొల్లు బాలుడికీ నడుమ ఉన్నది మూడే కరచాలనాలు. దీన్ని ప్రభావంగా చెప్పడం తొందరపాటే. కాని శ్రీనివాస్ ప్రవేశించిన జాజ్ ప్రపంచానికి ఎలాంటి వంశవృక్షం ఉందో ఇది సూచిస్తుంది.

ఈ బృందంలో శ్రీనివాస్ నాయకుడు కాదు, సభ్యుడు. సొంత కచేరీలో ఆలాపన ఎంతసేపు సాగాలో నిర్ణయించేది ఆయనే. ఇక్కడ తన వంతు రావడానికి ఎదురుచూడాలి, వచ్చాక తక్కువ వ్యవధిలో చెప్పాలి, గిటారుతో ప్రశ్నోత్తరాలుగా పలకాలి. సిల్వర్ కూడా గెట్జ్, డేవిస్ బృందాల్లో సభ్యుడిగా పలికినదానికీ సొంత బృందంలో పలికినదానికీ తేడా ఉంది. ఆయన సభ్యత్వం నుంచి నాయకత్వానికి ఎదిగితే, శ్రీనివాస్ బాల్యంలోనే నాయకుడై, ముప్పై ఏళ్ల వయసులో సభ్యత్వాన్ని నేర్చుకున్నారు.

బొంబాయి ముద్రణలో సాహిత్యదృష్టికి మరో విశేషం ఉంది. అందులో శంకర్ మహదేవన్ గాత్రంతో త్యాగరాజు ‘గిరిరాజ సుతా తనయ’ కృతి వినిపిస్తుంది. బంగాళ రాగంలోని ఈ రచన సంస్కృత కృతి. ‘డ్రీమ్’లో పూర్తిగా తొలగిన మాట ఇక్కడ గాయకుడి గొంతుతో తిరిగి వచ్చింది. శ్రీనివాస్ నేర్చుకున్న పద్ధతి కూడా ఇదే కదా: ఒకరు పాడగా తీగపై పలికించడం. చిన్ననాడు గురువు ముందు జరిగినదే, వేల శ్రోతల ముందు జాజ్ గిటారు పక్కన మళ్ళీ జరిగింది.

8. మాట లేని చోట మిగిలేది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. కృతిని వాద్యంపై పలికించినప్పుడు పోయేవి ముందు ఒప్పుకోవాలి. అర్థం పోతుంది. హల్లుల భేదం పోతుంది. కకారమూ పకారమూ తీగపై ఒకే మీటుగా వినిపిస్తాయి. కాబట్టి పల్లవి, అనుపల్లవుల మధ్య కృతికర్త పాటించిన ద్వితీయాక్షర ప్రాస ప్రాసగా వినిపించదు. ఈ నష్టాలను తక్కువచేసి చెప్పడం నిజాయితీ కాదు.

మిగిలేవి నాలుగు. మొదటిది అక్షరస్థానం. సాహిత్యాక్షరాన్ని అనుసరించి మీటడం వైణిక సంప్రదాయంలో స్థిరపడిన పద్ధతి. అక్షరం మొదలయ్యేచోట మీటు పడుతుంది; ఆ అక్షరాన్ని సాగదీసేటప్పుడు మీటు లేకుండా గమకంతో స్వరం కదులుతుంది. ఆ విధంగా మీటుల వరుస సాహిత్యాక్షరాల వరుసకు అచ్చువంటిది. రెండవది మాత్ర. గురులఘువుల మధ్య తాళంలో ఏర్పడే వ్యవధి భేదం చెక్కుచెదరదు. మూడవది విరామం. పదం ఎక్కడ తెగుతుందో, పాదం ఎక్కడ ఆగుతుందో గాయకుడి ఊపిరి చెబుతుంది. ఆ ఊపిరిని విని నేర్చిన వాద్యకారుడు అక్కడే ఆగుతాడు. నాలుగవది సంగతుల క్రమం. ఒకే పల్లవిని మళ్ళీమళ్ళీ పాడుతూ ఏ పదంపై బరువు పెంచుకుంటూ పోయారో ఆ క్రమం వాద్యంలోనూ నిలుస్తుంది.

తెలుగు అజంత భాష కావడం ఇక్కడ కలిసివచ్చే అంశం. మన పదాలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. మీటు తీగను తాకే క్షణం హల్లు వంటిది. ఆ వెనుక నిలిచే నాదం అచ్చు వంటిది. సంప్రదాయ మాండలిన్‌లో నాదం వెంటనే ఆరిపోతుంది కాబట్టి అచ్చుకు చోటు తక్కువ. శ్రీనివాస్ ఒంటితీగలు, విద్యుత్ విస్తరణ ఆ అచ్చును నిలబెట్టాయి. రెండవ విభాగంలో గమకం కోసం జరిగిన మార్పుగా చెప్పినదే, సాహిత్యం దృష్టితో చూస్తే తెలుగు పదాంతానికి దొరికిన చోటుగా కనిపిస్తుంది. ఆయన ఉద్దేశించింది గమకాన్నే కావచ్చు. ఫలితం రెండింటికీ అందింది.

ఈ ప్రతిపాదనను పరీక్షించవచ్చు. ఒక త్యాగరాజ కృతి గాత్రముద్రణనూ శ్రీనివాస్ ముద్రణనూ ఎదురెదురుగా పెట్టుకుని, అక్షరాల కింద మీటుల గుర్తులు వేసుకుంటూ పోతే, అవి ఎక్కడ కలిశాయో ఎక్కడ తప్పాయో తేలుతుంది. తప్పినచోట్లు మరింత విలువైనవి. వేగపు సంగతుల్లో అక్షరాన్ని విడిచి స్వరాన్ని అనుసరించిన చోటు దొరికితే, వాద్యకారుడు సాహిత్యాన్ని వదిలి వాద్యధర్మాన్ని ఎన్నుకున్న క్షణం అక్కడ పట్టుబడుతుంది. ఛందస్సు తెలిసిన పరిశోధకుడికే ఈ పని సాధ్యం. “ఇందులో తెలుగు ఎక్కడుంది?” అన్న ప్రశ్నకు జవాబు ఇదే: అక్షరం పడిన చోట, పదం ఆగిన చోట ఉంది.

9. పటం లేని గుహ

జవాబు దొరికినంత మాత్రాన పరిశోధన సాగదు. దానికి ఆధారాల పట్టిక కావాలి. ఇక్కడ బెలుం చరిత్ర ఉపయోగపడుతుంది. పొలాల మధ్య బావుల్లా కనిపించే రంధ్రాల కింద గుహ ఉందని చుట్టుపక్కల వారికి ముందునుంచీ తెలుసు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దాన్ని నమోదు చేశాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1982–83లో డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలికి దిగి క్రమబద్ధంగా పరిశోధించింది. 3,229 మీటర్ల పొడవని ఈనాడు మనం అంకెతో చెప్పగలగడానికి వెనుక అటువంటి కొలతల శ్రమ ఉంది. తెలిసి ఉండటం వేరు, పటం ఉండటం వేరు.

శ్రీనివాస్ తెలియని తెలుగు శ్రోత అరుదు. ఆయన ముద్రణల పరిస్థితి మాత్రం ఫుట్ రాకముందటి గుహ వంటిది. సిల్వర్ ముద్రణలు చాలావరకు ఒకే సంస్థవి కావడం, ఆ సంస్థ ముద్రణ తేదీలను భద్రపరచడం అక్కడి పరిశోధకులకు మేలు చేసింది. శ్రీనివాస్ ముద్రణలు అనేక సంస్థల మధ్య, మూడు మాధ్యమాల మధ్య చెదిరి ఉన్నాయి. మన క్యాసెట్ల అట్టలపై రాగం, తాళం, కృతికర్త పేరు శ్రద్ధగా వేసేవారు; ముద్రించిన తేదీ, స్థలం వేయడం తక్కువ. కృతి పాఠ్యంగా వారికి ముఖ్యం, ప్రదర్శన సంఘటనగా ముఖ్యం కాదు. ఆ దృష్టి మన తెలుగు శాఖల దృష్టికి భిన్నమైనదేమీ కాదు.

క్యాసెట్ టేపు శాశ్వతం కాదు. తేమకూ వేడికీ దానిపై పూత చెడిపోతుంది. చాలా ఇళ్లలో టేపు వాయించే యంత్రమే లేదు. అంతర్జాలంలోకి ఎక్కించిన ముద్రణలు పాటపాటగా విడిపోయి, అట్ట, పక్కవాద్యకారుల పేర్లు, వరుస పోగొట్టుకుని తిరుగుతున్నాయి. బెలుం నుంచి తిరిగివస్తూ ఫోన్లో మేము విన్నదీ ఇలాంటిదే: ధ్వని ఉంది, దాని చుట్టూ ఉన్న గుహ లేదు. ధ్వనిముద్రణ విషయంలో ఆ గుహ అంటే తేదీ, స్థలం, బృందం, సందర్భం.

కళాశాల స్థాయిలోనే ఈ పని మొదలుపెట్టవచ్చు. విద్యార్థులు తమ ఇళ్లలో, ఊరి దేవాలయాల్లో, పాత రేడియో దుకాణాల్లో ఉన్న వాద్యసంగీత రికార్డులు, క్యాసెట్ల వివరాలను ఒక నమూనా పత్రంలో నింపాలి: సంస్థ పేరు, సంఖ్య, మాధ్యమం, కృతి, రాగం, కర్త, పక్కవాద్యకారులు, అట్టపై రాత, దొరికిన చోటు. ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు (1936–1996) వీణ ముద్రణలకూ ఇదే పత్రం పనికివస్తుంది. తాళపత్రాల సేకరణకు ఊరూరా తిరిగిన సంప్రదాయం మన శాఖలకు కొత్త కాదు.

10. ముగింపు

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, 45వ ఏట మరణించారు. అదే ఏడాది జూన్ 18న, 85వ ఏట హొరేస్ సిల్వర్ మరణించాడు. ఇద్దరి జీవితాల నిడివిలో పెద్ద తేడా ఉంది. ముద్రణలు నమోదైన తీరులో తేడా ఇంకా పెద్దది. ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. మీటలు, మెట్లు ఉన్న వాద్యంపై వంగే స్వరాన్ని సాధించడం హార్డ్ బాప్ పియానోకూ కర్ణాటక మాండలిన్‌కూ ఉమ్మడి సమస్య. శ్రీనివాస్ పరిష్కారం వాద్యనిర్మాణంలో మార్పు.

2. వాద్యం తెలియని గురువు పాడగా నేర్చుకోవడం వల్ల ఆయన వాద్యంలో గాత్రపు అక్షరస్థానాలు, విరామాలు నిలిచే అవకాశం బలపడింది.

3. వాద్యముద్రణలో కృతి అర్థం, ప్రాస తొలగినా, అక్షరస్థానం, మాత్ర, విరామం, సంగతుల క్రమం మిగులుతాయి. వీటిని ఛందోదృష్టితో పరీక్షించవచ్చు.

4. సొంత కచేరీ ముద్రణలు, ‘డ్రీమ్’, ‘రిమెంబర్ శక్తి’ ముద్రణలు మాటకూ వాద్యానికీ మూడు వేర్వేరు సంబంధాలను చూపుతాయి. వాటిని కలిపి చదివితేనే ఆయన ధ్వనిముద్రణ జీవితం అర్థమవుతుంది.

5. తేదీ, స్థలం, బృందం వివరాలతో వాద్యముద్రణల పట్టికను రూపొందించడం తెలుగు పరిశోధన పరిధిలోని పనే.

అంశం మార్చుకున్న ఆ విద్యార్థి ఇప్పుడు వేరే విషయంపై పరిశోధన చేస్తున్నాడు. పై నమూనా పత్రంలో మొదటిది మాత్రం అతడే నింపి ఇచ్చాడు. అతని తండ్రి దాచుకున్న మాండలిన్ క్యాసెట్ అది. అట్టపై ఆరు కృతుల పేర్లు ఉన్నాయి. తేదీ ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది.